అరుగు మీది ముచ్చట్లు: కట్టె, కొట్టె, తెచ్చె

పోయిన నెల చివరలో మన సంపాదకులు గారి దగ్గర నుండి నాకొక చీటీ వచ్చింది. "మీ వ్యాసం ఈసారి కొంచెం కుదించగలరు." అంతే. నమస్కారం లేదు, క్షేమసమాచారం లేదు. లెక్కపెట్టి చూచాను, అయిదు మాటలు. కుదించమని చెప్పేవారు ముందు తాము కుదించి చూపించారు గనుక నాకు కోపం తెచ్చుకొనే అవకాశం కూడ లేకపోయింది.

చీటీ చదువుతుండగా మా మనుమడు ప్రక్కనే ఉన్నాడు. వాడికి పదకొండో ఏడు. బడిలో ఇంగ్లీషు, గల్లీలో మరాఠీ, హిందీ, ఇంట్లో మాత్రం తెలుగు. అదీ మేము పట్టుబట్టితేనే సుమండీ.

"ఏం రాసిండ్రు తాతా?" అన్నాడు.

"ఏమున్నదిరా, కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు మూడు ముక్కల్లో తేల్చమంటున్నారు" అన్నాను.

వాడు కొంచెంసేపు ఆలోచించి, "ఎవరు తాతా?" అన్నాడు.

"ఎవరేమిటిరా?"

"అదే, కట్టెలు కొట్టి తెచ్చినాయన. హోళీకేనా?"

మన నాందేడులో హోళీ వస్తున్నదంటే పదిహేను రోజుల ముందు నుంచే గల్లీ పిల్లలంతా విరిగిన కుర్చీలు, పాత తలుపుచెక్కలు, ఎండుకొమ్మలు పోగుచేయటం మొదలుపెడతారు గదా. ఇంట్లో గ్యాసుపొయ్యి తప్ప మరొకటి ఎరుగని వాడికి కట్టె అంటే తెలిసినది అదొక్కటే. వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. కట్టె కొట్టి తెచ్చాడన్నప్పుడు, ఎవడు తెచ్చాడు, ఎందుకు తెచ్చాడు అని అడుగటం తెలివైన పిల్లవాడి లక్షణమే.

నేను పడీ పడీ నవ్వాను. మా కోడలిని పిలిచి చెప్పాను, అదీ నవ్వింది. సాయంత్రం అరుగు మీద మా జట్టుకు చెప్పాను, వాళ్ళూ నవ్వారు. కాని రాత్రి పడుకొన్న తరువాత ఆ నవ్వు నా దగ్గర నిలువలేదు.

ఎందుకంటారా? ఆ మూడు మాటలు మన తెలుగువాళ్ళు తరతరాలుగా సంక్షేపానికి చూపించే ఉదాహరణ. సేతువు కట్టె, రావణుని కొట్టె, సీతను తెచ్చె. వాల్మీకి 24,000 శ్లోకాలలో చెప్పినదాన్ని ఎవడో పల్లెటూరి గడుగ్గాయి మూడు క్రియలలో ముగించాడు. రాముడి పేరు కూడ ఎత్తలేదు చూడండి. సముద్రమని లేదు, లంక అని లేదు. "కట్టెను" అనే పాతకాలపు క్రియలో చేసినది పురుషుడో స్త్రీయో కూడ తెలియదు. అయినా వినేవాడికి ఏ అనుమానమూ రాదు. మరాఠీలో ఇదే చెప్పబోతే "బాంధలా, మారలా, ఆణలీ" అనవలసి ఉంటుంది. అక్కడ క్రియ చేసినవాణ్ణి విడిచి చేయబడినదాన్ని పట్టుకొంటుంది గనుక, చివరి మాట వినగానే తెచ్చినది ఒక ఆడమనిషిని అని ఆనవాలు దొరుకుతుంది. మన తెలుగు ఆ పాటి ఆనవాలు కూడ ఇవ్వలేదు. అంత ధీమా ఎక్కడిది ఆ గడుగ్గాయికి? ఎదుటివాడికి రామాయణం మొత్తం వచ్చుననే ధీమా. బుర్రకథలో విన్నాడు, తోలుబొమ్మలాటలో చూచాడు, శ్రీరామనవమి పందిట్లో నిద్రపోతూ విన్నాడు, తల్లి వీపు మీద ఉండగా విన్నాడు. 24,000 శ్లోకాలూ వినేవాడి కడుపులో ముందే ఉన్నవి. చెప్పేవాడు వాటిని తట్టి లేపాడు, అంతే.

ఆ కథ కడుపులో లేనివాడికి అదే మాట చెప్పితే మిగిలేది కట్టెలమోపు.

ఈ సంగతి తట్టిన తరువాత నాకు పాత ఉత్తరాలు గుర్తుకు వచ్చినవి. మా ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా ఉన్నవి, కరీంనగరం నుండి, జగిత్యాల నుండి, నిజామాబాదు నుండి వచ్చినవి. చాలావరకు కార్డులే. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది, పావు అణా వెలకు. నిజాం రాజ్యానికి 1950 వరకు సొంత తపాలా ఉండేది గనుక మా పెట్టెలో అడుగున ఉన్న కార్డులు ఆ బాపతువి. అరచేయి పెద్దదైనవాడు కప్పేయగల కాగితం. అందులోనే పెళ్ళి, పురుడు, పంట, అప్పు, అలక. పెద్దలు పైన "శ్రీరామ" అని వ్రాసి, "చి॥ల॥సౌ॥" అని ఆడబిడ్డను దీవించి, "ఉభయకుశలోపరి" అని ఒక్క దూకు దూకి అసలు సంగతిలో పడేవారు.

ఆ "ఉభయకుశలోపరి" అనే మాట నాకు చిన్నప్పుడు తిట్టేమో అనిపించేది. తరువాత మా పంతులుగారు విప్పి చెప్పారు. ఇక్కడ మేము కుశలం, అక్కడ మీరు కుశలమని తలుస్తాము, ఆ మీదట చెప్పవలసినది ఏమనగా అని. ఇంత గుడారాన్ని మడిచి ఒక సంచిలో పెట్టారన్న మాట. మన మరాఠీ ఇరుగుపొరుగు ఇంకా పొదుపరులు. వారు "సా. న. వి. వి." అని నాలుగు అక్షరాలు వేసి సాష్టాంగ నమస్కారమూ, విజ్ఞప్తీ రెండూ ముగించేవారు. మా నాయన ఇంట్లో ఉభయకుశలోపరి, మిల్లులో తోటి గుమాస్తాకు వ్రాస్తే సా. న. వి. వి. రెండు దేశాల నమస్కారాలూ ఒకే కలంలో ఉండేవి.

ఇక అక్షరం లేకుండ చెప్పే విద్య కూడ ఉండేది. కార్డుకు నాలుగు మూలలా పసుపు కనపడితే పోస్టువాడు వాకిట్లో ఉండగానే ఆడవాళ్ళ ముఖాలు విప్పారేవి. చావుకబురు కార్డును చదివి అక్కడికక్కడ చించివేసేవారు, ఇంట్లో ఉంచేవారు కారు. అందుచేత మా పెట్టె నిండా శుభవార్తలే. వందేళ్ళ మా వంశచరిత్రను ఆ పెట్టెను బట్టి వ్రాస్తే మావాళ్ళెవరూ చచ్చిపోనట్టే లెక్క.

కాని ఒక్క కాగితం మాత్రం ఆ పెట్టెలో లేకున్నా నా మనస్సులో ఉన్నది. దాని కథ చెప్పుతాను. ఇది సంపాదకులు గారు కుదించమన్నా కుదించేది కాదు.

1962 వేసవి. మేము అప్పుడు మిల్లు వెనుక చాళ్ళలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. మా చెల్లెలు పుట్టి మూడో నెల. అమ్మకు సాయంగా అమ్మమ్మ నిజామాబాదు నుండి వచ్చి ఉన్నది. నాయనమ్మ ఎప్పుడూ మాతోనే ఉండేది. అంటే రెండు గదుల ఇంట్లో ఇద్దరు పెద్ద ముత్తైదువలు, ఒకే పొయ్యి. పోట్లాడుకొన్నారని నాకు జ్ఞాపకం లేదు. ఒకరు నీళ్ళు పెడితే ఒకరు బియ్యం చెరిగేవారు.

నాయనమ్మకు జ్వరం తగిలింది. మూడోనాటికి తెలివి తప్పింది. డాక్టరు చేయి చూచి, కావలసినవాళ్ళకు కబురు చేయమన్నాడు. మా నాయన తారాఫీసుకు పరుగెత్తాడు, నేను వెంట. మూడు తార్లు ఇవ్వవలెను. కరీంనగరంలో తన తమ్ముడికి, జగిత్యాలలో చెల్లెలికి, నిజామాబాదులో బావమరిదికి. బావమరిది అంటే మా మేనమామ.

ఈనాటి పిల్లలకు తెలియదు గనుక చెప్పుతున్నాను. తారు అంటే మాటకింత అని లెక్క. కొన్ని మాటల వరకు కనీసపు రుసుము, అది దాటితే ప్రతి మాటకూ అదనంగా నయాపైసలు. అందుచేత తారు వ్రాయటమంటే మాటలు కోయటం. మా నాయన ఆ కోతలో నేర్పరి. తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలలో "మదర్ సీరియస్ స్టార్ట్" అని వ్రాసి, అవే మాటలు మూడు ఫారాల మీదా ఎత్తివ్రాశాడు. కిటికీలో ఉన్న గుమాస్తా మూడో ఫారం చూచి, ఇంకొక మాట చేర్చుకొంటారా అని అడిగినట్టు, నాయన వద్దని తల ఊపినట్టు నాకు లీలగా జ్ఞాపకం.

తమ్ముడికీ చెల్లెలికీ ఆ తారు సరిగానే చేరింది. వాళ్ళ తల్లి ఒకతే గదా! కాని మేనమామ చేతికి అదే తారు వెళ్ళినప్పుడు అతడు ఏమని చదువుకొంటాడు? తన తల్లి నాందేడులో కూతురి ఇంట్లో ఉన్నది. బావ దగ్గర నుండి తారు. మదర్ సీరియస్.

మామ రాత్రికి రాత్రి దుకాణం కట్టేసి, అప్పు తెచ్చుకొని, వాళ్ళ చిన్న మేనమామను వెంటబెట్టుకొని తెల్లవారుజామున బండి ఎక్కాడు. అప్పట్లో మనకు చిన్న లైనే కదా, బండి నింపాదిగా వచ్చేది. బాసర దగ్గర గోదావరి వంతెన మీద జేబులో ఉన్న చిల్లరంతా తీసి నదిలో వేశాడట. తిరుగుప్రయాణానికి కూడ ఉంచుకోలేదు. ధర్మాబాదు, ఉమ్రీ, ముద్ఖేడు, ప్రతి స్టేషనులోనూ బండి అయిదేసి నిమిషాలు ఆగుతుంటే ఇంజను డ్రైవరును తిట్టుకొంటూ వచ్చాడట.

వచ్చేసరికి అమ్మమ్మ గడపలో కూర్చొని చేటతో బియ్యం చెరుగుతున్నది.

"ఏందిరా, చెప్పకుండ వచ్చినవ్?" అన్నది.

మామ చేతిసంచి అక్కడే జారవిడిచి, మెట్టు మీద కూలబడి నవ్వటం మొదలుపెట్టాడు. అంత పెద్ద నవ్వు నేను ఆ తరువాత మళ్ళీ అతడి నోట వినలేదు. కండ్లవెంట నీళ్ళు, నోట నవ్వు. నేను కూడ ఏమీ తెలియక నవ్వాను. ఆ నవ్వు విని మా నాయన లోపలి గదిలో నుండి బయటకు వచ్చాడు. గడ్డం పెరిగి, రెండు రాత్రులు నిద్ర లేని ముఖం. "మా అమ్మకు" అన్నాడు. అంతకన్న ఏమీ అనలేదు.

మామ ముఖం ఏమైనదో నేను వర్ణించలేను.

అప్పుడు లోపలి నుండి నాయనమ్మ పిలిచింది. ఆ ఉదయమే కొంచెం తెలివి వచ్చి ఉన్నది. మామ వెళ్ళి మంచం ప్రక్కన నిలబడ్డాడు. ఆమె కండ్లు సగం తెరచి చూచి, "వచ్చినవా బిడ్డా. మీ అమ్మ మంచిగనే ఉన్నది" అన్నది. మళ్ళీ కండ్లు మూసుకొన్నది.

గడపలో జరిగినదంతా ఆమెకు వినపడింది. ఆ మాటలో దెప్పు ఉన్నదా, ఓదార్పు ఉన్నదా అని మామ నలభై ఏండ్లు తేల్చుకోలేకపోయాడు. నాతోనే ఎన్నోసార్లు అన్నాడు. "తల్లి బతికి ఉన్నదని సంతోషపడితిరా, తప్పా? కాని ఆ ఇంట్లోనే నవ్వితిని" అనేవాడు. ఆ వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. నాయనమ్మ కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. నాలుగో రోజున ఆమె పోయింది. పాడె పట్టిన నలుగురిలో మామ ఒకడు.

ఇప్పుడు చూడండి. మా నాయన వ్రాసినది మూడు మాటలు. నాయనమ్మ అన్నది ఆరు. రెండూ పొట్టివే. ఒకదానిలో ఒక చిన్న మాట తగ్గి ఒక మనిషి రాత్రంతా నరకం చూచాడు. రెండోదానిలో ఏ మాట తగ్గిందో, ఏ మాట దాగిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు, కాని ఆ ఆరు మాటలు ఒక మనిషికి నలభై ఏండ్లు సరిపోయినవి. మా నాయన లెక్కపెట్టినది పైసలను. ఎదుటివాడికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అనేది లెక్కపెట్టటం మరిచాడు. నాయనమ్మకు లెక్కలు రావు, వేలిముద్ర మనిషి. అయినా ఎదుట నిలబడ్డవాడి గుండెలో ఏమున్నదో చూచి, దానికి సరిపడినంత మాట్లాడింది.

ఆ తరువాత నాయన ఎప్పుడు తారు ఇచ్చినా "మై మదర్" అనో, మనిషి పేరు పెట్టో, ఊరి పేరు చేర్చో ఇచ్చేవాడు. పెళ్ళి శుభాకాంక్షల తారు కూడ పదిహేను మాటలకు తక్కువ ఉండేది కాదు. సంఘంలో పెద్దలు ఎగతాళి చేసేవారు. ఎందుకో వారికి ఆయన చెప్పలేదు. మన దేశంలో తారు 2013 జూలై 14 రాత్రితో ఆగిపోయింది. మరునాడు పత్రికలలో ఆ వార్త చదివినప్పుడు నాకు మోర్సు యంత్రమూ, దాని చరిత్రా ఏమీ గుర్తుకు రాలేదు. చేట చప్పుడు గుర్తుకు వచ్చింది.

ఎదుటివాడి మీద నమ్మకంతో మాటను తగ్గించటమనే ఈ విద్య మన గోదావరికి చాలా పాతది. మన ఊరికి ఎగువన, ఇదే నది ఒడ్డున పైఠాణం ఉన్నది. పూర్వం దాన్ని ప్రతిష్ఠానమనేవారు, శాతవాహనుల రాజధాని. ఆ వంశంలోని హాలుడు ప్రాకృత భాషలో గాథలను కూర్చి గాథాసప్తశతి అనే గ్రంథం చేశాడు. రెండేసి పంక్తుల పద్యాలు, ఏడు వందలు. కోటి గాథలలో నుండి ఏడు వందలు ఏరాడని ఆ గ్రంథంలోనే చెప్పి ఉన్నది. కోటి అన్నది కవుల లెక్క అనుకోండి, మన సంఘం చందాల లెక్క వంటిది కాదు. అయినా ఆ రాజు చేసిన గొప్ప పని వ్రాయటం కన్న విడిచిపెట్టటం అనిపిస్తుంది నాకు. ఆ ప్రాకృతంలో అత్త, పొట్ట వంటి మన మాటలు ఉన్నవని పండితులు చూపించారు. దాన్ని మరాఠీవారు తమ ప్రాచీన సాహిత్యమని చెప్పుకొంటారు, మనమూ చెప్పుకొంటాము. శ్రీనాథుడు తాను మీసాలు మొలిచే వయస్సులో దాన్ని తెలుగు చేశానన్నాడు గాని ఆ పుస్తకం మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు చేసిన తెలుగు సేత దొరుకుతుంది, చదవండి.

అందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. పొలం గట్లు, నది రేవులు, అత్తలు, కోడళ్ళు, మరుదులు, బాటసారులు. ఒక కోడలు ఇంటికి వచ్చిన బాటసారికి, రాత్రి చీకట్లో తడబడకుండ, ఈ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకొంటారో ముందుగా చెప్పుతుంది. అత్తగారు విన్నది ఒకటి, బాటసారి విన్నది ఇంకొకటి. తక్కినది నేను చెప్పను, ఇది కుటుంబ పత్రిక. కాని మీరు అప్పుడే నవ్వుతున్నారంటే, కవి వ్రాయని సగం మీరు పూర్తిచేశారన్న మాట. వేలయేండ్ల క్రిందటి కోడలి మాట మీ దాకా తెగకుండ వచ్చింది. ఆ ఇల్లు, ఆ చీకటి, ఆ అత్త మీకు తెలుసును గనుక!

అందరూ ఇంత సుఖంగా కుదించలేరు. పాణిని వ్యాకరణాన్ని సుమారు 4,000 సూత్రాలలో పెట్టాడు. చిట్టచివరి సూత్రంలో ఉన్నవి రెండే అక్షరాలు, ఆ రెండూ ఒకటే అక్షరం. అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత పండుగ చేసుకొంటారని వ్యాకరణపండితుల మీద ఒక నానుడి. కాశీలో పేరుమోసిన శేష వంశపు వైయాకరణులకు మన నాందేడే మూలమని ఊరి పెద్దలు గర్వంగా చెప్పుకొంటారు. మంచిదే. కాని అంత కుదించిన సూత్రాలు అర్థం కావటానికి పతంజలి అంతకు ఎన్నో రెట్లు మహాభాష్యం వ్రాయవలసి వచ్చింది. మా మొల్ల మరొక దారి తొక్కింది. రామాయణాన్ని తొమ్మిది వందల లోపు పద్యాలలో చెప్పింది, వినగానే అర్థం కావలెనని ముందే నియమం పెట్టుకొన్నది. గురువు దగ్గర కూర్చొన్నవాడికి సూత్రం, పొయ్యి దగ్గర కూర్చొన్నదానికి మొల్ల.

పొడుగు మాటల సంగతి ఎక్కువ చెప్పను. మన ఉగాది సభలు మీరూ చూచినవే. "సమయాభావం వలన రెండే మాటలు" అని లేచినవాడు కూర్చొనేసరికి పులిహోర చల్లారిపోతుంది. మరాఠీ సభలలోనూ "దోన్ శబ్ద" అనే అంటారు, అక్కడా రెండు మాటలు రెండు కావు. "అతి తేథే మాతీ" అని సామెత వారిదే, అతిగా ఉన్నచోట మట్టే అని. సభ కార్యదర్శులు దాన్ని వేదిక మీద పెద్ద అక్షరాలతో వ్రాయించి పెడితే బాగుంటుందని నా సూచన. నేను మాట్లాడే రోజున మాత్రం తీసి ప్రక్కన పెట్టగలరు.

నా బెంగ పొడుగు మాటల మీద కాదు. మన ఇళ్ళల్లో తెలుగు రానురాను పొట్టి అవుతున్నది, దాన్ని మనం పొదుపు అనుకొని మురిసిపోతున్నాము. మా మనుమడు ఇంట్లో తెలుగులో ఎన్ని మాటలు మాట్లాడతాడో ఒక రోజు పనిగట్టుకొని విన్నాను. "తాతా, ఆకలి." "వద్దు." "పోతున్నా." "ఎందుకు?" "ఊఁ." వచ్చిన చుట్టాలు "పిల్లవాడు ఎంత నెమ్మది, మితభాషి" అని మెచ్చుకొని పోయారు. కాని వాడే గల్లీలో క్రికెట్టు ఆడేటప్పుడు వినండి. వాడు అవుటయ్యాడా లేదా అనే తగవును మరాఠీలో పావుగంట నడుపుతాడు. ఉపమానాలు, ఒట్లు, వెనుకటి వారం జరిగిన ఆట సాక్ష్యాలు అన్నీ తెస్తాడు. మితభాషి కాడు వాడు. తెలుగులో వాడి మూటలో ఉన్నవి అన్నే మాటలు. ఉన్నవాడు తక్కువ ఖర్చు చేస్తే పొదుపు అంటారు. లేనివాడు ఖర్చు చేయకపోతే దాన్ని ఏమంటారో మనకు తెలుసు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయి మనం బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాము, 1960 మే 1న మహారాష్ట్రంలోకి. ఇళ్ళు కదలలేదు, నది కదలలేదు, హద్దు కదిలింది. ఆనాడు మన పెద్దలు పిల్లల తెలుగు చదువు ఏమవుతుందని బెంగపడ్డారు. లిపి పోతుందని భయపడ్డారు. లిపి చాలా ఇళ్ళల్లో పోయిన మాట నిజమే. కాని అంతకన్న ముందు పోయేది కథ అని వారికి తట్టినట్టు లేదు. కథ పోయిన తరువాత సామెత నిలువదు. "కుంభకర్ణుడి నిద్ర" అంటే పిల్లవాడు, అది ఏ కంపెనీ మందు అని అడుగవచ్చు.

అందుచేత మా ఇంట్లో నేనొక పని మొదలుపెట్టాను. రోజూ రాత్రి అన్నాలైన తరువాత మనుమడికి రామాయణం చెప్పుతున్నాను. కుదించకుండ. దశరథుడికి పిల్లలు లేని బాధ మొదటి రాత్రంతా పట్టింది. మంథర దగ్గర రెండు రాత్రులు ఆగాము, ఎందుకంటే వాడికి ఆమె మీద విపరీతమైన కోపం వచ్చి, ఆమెను ఎవరూ ఎందుకు కొట్టలేదని అడిగాడు. గుహుడి పడవ దగ్గర గోదావరి రేవులో నేను చిన్నప్పుడు పడవ ఎక్కిన ముచ్చట చెప్పాను, అక్కడ నుండి మా తాత ముచ్చట, మిల్లు ముచ్చట వచ్చినవి. ఆ రాత్రి రాముడు నది దాటలేదు. వాడికి మాట రానిచోట మరాఠీలో అడుగుతాడు, నేను తెలుగులో చెప్పుతాను, వాడు ఆ మాటను రెండుసార్లు అని చూచుకొంటాడు. "వారధి" అనే మాట వాడికి బాగా నచ్చింది. మరునాడు రైలువంతెనను చూపించి "వారధి" అన్నాడు.

ఇరవై రెండు రాత్రులు పట్టింది. నిన్న రాత్రి సీతమ్మ వచ్చేసింది. నేను ఎంతో గొప్పగా, "ఇప్పుడు తెలిసిందా, కట్టె, కొట్టె, తెచ్చె అంటే ఏమిటో?" అన్నాను.

వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "కట్టె, వారధి. కొట్టె, రావణుడు. తెచ్చె, సీత" అన్నాడు. తరువాత మూడు వేళ్ళూ అలాగే పట్టుకొని నా వైపు చూచి, "మరి హనుమంతుడు ఏడి తాతా? అంత సముద్రం ఎగిరిండు కదా. ఎగిరె అని ఎందుకు పెట్టలేదు?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. సంపాదకులు గారిచ్చిన పుటలు కూడ అయిపోయినవి.